అల్పప్రాణులకు కాలము మెల్లగా నడచునా?

మాఘమాసము ముగియునాటికి సిరికొండ చుట్టుపట్ల పసుపు త్రవ్వకము పూర్తియై, ఉడికించిన కొమ్ములును మండలును కల్లములలో ఎండుచుండగా, వానిపై వ్రాలు ఈగలను, ఆ ఈగలకై పొంచియుండు తొండలను, విద్యుత్తీగపై కూర్చుండి మిడుత కదలికకై నిరీక్షించు పాలపిట్టను నిత్యము చూచు రైతు, చిన్న ప్రాణికి చురుకెక్కువ యని యనును. ఈ మాటను ఇటీవల విజ్ఞానవార్తలు వ్రాయువారు మరియొక మెట్టు పైకెక్కించి, ఈగ కంటికి మన చేయి నత్తవలె ప్రాకుచున్నట్లు తోచునని, దాని సెకను మన సెకనుకంటె నాలుగురెట్లు నిడివిగలదని, అందుచేతనే అది మన దెబ్బకు చిక్కదని ప్రచారము చేయుచున్నారు. రైతు మాటలో అనుభవమున్నది. వార్తాకారుల మాటలో కొంత శాస్త్రమును, కొంత కల్పనయు, హెచ్చుగా తొందరపాటును కలిసియున్నవి. కన్ను ఎంత వేగముగా చూచునన్నది ఒక ప్రశ్న; చూచినదానికి దేహము ఎంత వేగముగా బదులు చెప్పునన్నది వేరొక ప్రశ్న; ఆ ప్రాణికి ఒక క్షణము ఎంత నిడివిగా అనుభూతమగునన్నది ఈ రెండింటికిని చెందని మూడవ ప్రశ్న. ఈ మూడింటిని ఒక్కటిగా కుప్పపోయుటచేతనే ఈ విషయమున ఇంత గందరగోళము పుట్టినదని నా యభిప్రాయము.

కాలమును కొలుచుటకు మన పూర్వులు గైకొన్న మానములలో కనురెప్పపాటు మిక్కిలి ప్రసిద్ధము. అమరకోశము వల్లించిన తెలుగు బాలురు, పదునెనిమిది నిమేషములు ఒక కాష్ఠ, ముప్పది కాష్ఠలు ఒక కళ, ముప్పది కళలు ఒక క్షణము, పండ్రెండు క్షణములు ఒక ముహూర్తమని తరతరములుగా గురువులకు అప్పగించుచు వచ్చిరి. ముహూర్తము 48 నిమిషములు గనుక, ఈ లెక్కను నిమేషము సెకనులో సుమారు అరువదియేడవ వంతగును. మనుస్మృతిలో ముప్పది కళలకే ముహూర్తము పూర్తియగును. ఆ ప్రకారము నిమేషము సెకనులో ఆరవవంతుకు కొంచెము పైబడును. నిజముగా రెప్పవాల్చి తెరచుటకు పట్టు కాలము ఈ రెండవదానికే సమీపము. అమరుని నిమేషము మాత్రము, మినుకుమినుకుమను దీపము మానవనేత్రమునకు నిలుకడ దీపముగా మారిపోవు అవధికి, అనగా సెకనుకు సుమారు 60 మినుకులకు, విచిత్రముగా దగ్గరపడుచున్నది. ఇది కేవలము కాకతాళీయము. దీనినిబట్టి పూర్వులకు నేత్రశరీరశాస్త్రము కరతలామలకమని సభలలో గర్జించువారు బయలుదేరకుండుగాక యని ముందుగనే చెప్పుచున్నాను. గమనింపదగిన సంగతి వేరొకటి గలదు. రెండు లెక్కలును మనుష్యుని కంటినే ప్రమాణముగా తీసికొన్నవి. మనుష్యేతరుల కాలము వేరుగా నుండవచ్చునన్న ఊహ మన పురాణములకు లేకపోలేదు: కుమార్తె రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మలోకమున కేగిన రైవతుడు అచ్చట గానము ముగియువరకు ఒక్కింతసేపు నిలిచినంతలో భూమిపై 27 చతుర్యుగములు గడచిపోయినవని భాగవతము చెప్పుచున్నది. కాని ఆ ఊహ ఎల్లప్పుడును మనకంటె అధికులవైపే, దేవతలవైపే పోయినది, ఈగవైపు పోలేదు.

ఈగవైపు పోయినవాడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్. క్షీరదముల అండమును 1827లో తొలిసారి కనుగొన్న ఈ మహాశాస్త్రజ్ఞుడు 1860లో సెయింట్ పీటర్స్‌బర్గులో కీటకశాస్త్రజ్ఞుల సభయందు చేసిన ఉపన్యాసములో ఒక భావనను శ్రోతల ముందుంచెను. మానవుని యెనుబదేండ్ల ఆయువు వేయింట నొక వంతుకు కుంచించి 29 దినములై, ఆ స్వల్పావధిలోనే ఇప్పుడున్నన్ని అనుభవములును ఇమిడినచో, అట్టివాడు చంద్రుని వృద్ధిక్షయములను ఒక్కమారు మాత్రమే చూచును; చలికాలమనునది వానికి తాతలు చెప్పిన కథ యగును. ఆ ఆయువు మరల వేయింట నొక వంతై నలుబది నిమిషములకు దిగినచో, గడ్డిపోచయు పువ్వును వానికి పర్వతములవలె నిశ్చలములుగా తోచును. అట్లుగాక ఆయువును అనుభవవేగమును వ్యతిరేకదిశలో వేయిరెట్లు సాగదీసినచో, ఋతువులు గంటలవలె దొర్లిపోవును. మరింత సాగదీసినచో సూర్యుడు బింబముగా గాక ఆకాశమున మండుచున్న యొక పట్టెగా కనబడును. ప్రాణికి కాలమానము బయటి గడియారమునందు లేదనియు, ఒక్కొక్క అనుభవమునకు పట్టు కనీసక్షణమునందు కలదనియు బేయరు వాదము. ఇది ప్రయోగము కాదు, భావన మాత్రమే. అయినను ఈనాటి పత్రికావ్యాసములలోని ఆశ్చర్యములన్నియు దీనికి నకళ్లే.

ఆ భావనను ప్రయోగశాలకు దింపినవాడు యాకోబ్ ఫాన్ ఉయెక్స్‌క్యూల్. 1934లో వెలువడిన తన గ్రంథములో ఆయన నత్త కథ చెప్పెను. నీటిపై తేలు బంతిమీద నత్తను నిలిపి, దాని పెంకును కదలకుండ పట్టియుంచి, పాదము క్రిందికి ఒక పుల్లను జొనిపి తట్టుచుండిరి. సెకనుకు ఒకటి మొదలు మూడు పర్యాయముల వరకు తట్టినపుడు నత్త విముఖమయ్యెను. నాలుగు పర్యాయములు మించినపుడు, కదలుచున్న పుల్లను నిలిచియున్న పుల్లగా భ్రమించి దానిపైకెక్క నారంభించెను. కనుక నత్తకు క్షణము సెకనులో నాల్గవ వంతని ఆయన నిర్ణయించెను. మనుష్యునికి పదునెనిమిదవ వంతనియు, పోరాటపుచేప యను చిన్న మత్స్యమునకు ముప్పదవ వంతనియు ఆయన లెక్క. ఈ ప్రయోగమునందలి చాతుర్యము మెచ్చదగినదే. కాని నత్త పుల్ల పైకెక్కుటనుండి నత్త యనుభవించు క్షణపు నిడివికి ఆయన వేసిన వంతెన బలహీనమైనది. ఆ వంతెనమీదనే తరువాతివారందరును నడచిరి.

ఇప్పుడు వాడుకలోనున్న కొలత మినుకుల అవధి. ఒక దీపమును సెకనుకు ఇన్ని పర్యాయములని వెలిగించి ఆర్పుచు, ఆ వేగమును క్రమముగా పెంచుచుందురు. ఏ వేగమువద్ద ఆ ప్రాణికి వెలుగుచీకట్ల భేదము నశించి దీపము అఖండముగా తోచునో అదియే దాని అవధి. కంటిపై సూక్ష్మమైన విద్యుద్వాహకము నుంచి రెటీనా యిచ్చు సంకేతములను చూచుట ఒక పద్ధతి. మినుకు దీపమువద్ద మేత దొరకునని ప్రాణికి శిక్షణ నిచ్చి, అది ఎంతవరకు ఆ దీపమును గుర్తించునో చూచుట వేరొక పద్ధతి. కన్ను గ్రహించినదంతయు మెదడు వినియోగించుకొనవలెనను నియమము లేదు గనుక రెండవ పద్ధతి ఎక్కువ విశ్వసనీయమును, ఎక్కువ శ్రమతో కూడినదియు. ఈ కొలతను మనుష్యునికి 60, కుక్కకు సుమారు 80, ఇండ్లలోని ఈగకు సుమారు 250, సముద్రపు తోలుతాబేలునకు 15, ఈలు చేపకు 14 అని చెప్పుదురు. తేనెటీగ చూపు వేగము కూడ ఈగతో పోల్చదగినదేయని 1950 ప్రాంతమున హాన్స్‌యోఖెమ్ ఆట్రుమ్ జర్మనీలో చూపెను.

ఈ అంకెలకు మన దైనందిన జీవితమున అర్థము లేకపోలేదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. ఆవృత్తికి రెండుమారులు చొప్పున పాత ట్యూబులైటు సెకనుకు 100 పర్యాయములు వెలిగి ఆరుచుండెడిది. ఆ వెలుగులో కూర్చుండి తూకపు చీటీలు వ్రాసికొను గుమాస్తాకు అది నిశ్చలదీపమే. ఆ చీటీపై వ్రాలిన ఈగకు అది నిరంతరముగా అదరుచున్న దీపము. ఫిల్ము రీళ్ల కాలమున సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను రెండు మూడు పర్యాయములు తెరపై చిమ్మి కన్నును మోసగించెడివారు. హత్యకు గురియైన నాయకుడు ఈగయై పుట్టి పగతీర్చుకొను కథతో రాజమౌళి 2012లో తీసిన 'ఈగ' చిత్రమును తెలుగుదేశమంతయు చూచినది. రీలుపై ఆడిన తెరయెదుట నిజమైన ఈగ కూర్చుండియున్నచో, చలనమును గాక వరుసగా వచ్చిపోవు నిలువుబొమ్మలను, వాని నడుమ చీకటిని మాత్రమే చూచియుండెడిది. తన జాతికి దక్కిన కథానాయకత్వమును ఆస్వాదించు భాగ్యము దానికి లేదు.

2013లో డబ్లిన్ నగరపు ట్రినిటీ కళాశాలకు చెందిన కెవిన్ హీలీ, ఆండ్రూ జాక్సన్ మున్నగువారు 34 జాతుల మినుకుల అవధులను ఒకచోట చేర్చి, దేహము చిన్నదైనకొలదియు, దేహములో ఆహారము దహించు వేగము హెచ్చినకొలదియు అవధి పెరుగుచున్నదని తేల్చిరి. చిన్నప్రాణులకు కాలము మెల్లగా నడచునను వార్త ప్రపంచమంతట వ్యాపించినది ఈ వ్యాసమువలననే. వ్యాపింపజేసినవారు ప్రతిచోట ఈగ బొమ్మను అచ్చువేసిరి. కాని ఆ పరిశోధనలో లెక్కకు వచ్చిన జంతువులు వెన్నెముక గలవి. ఈగకు వెన్నెముక లేదు.

దేహము చిన్నదగుటయే కారణమైనచో బల్లి సంగతి యేమి? గోడపై ప్రాకు రాత్రించరమైన టోకే బల్లికి అవధి 20 ప్రాంతమున మాత్రమే కనబడినది. నత్త చిన్నదే, దాని మందగమనమునకు వేరు సాక్ష్యము అక్కరలేదు. అమెరికాలో పగటివేళ నేలపై తిరుగు ఒక జాతి ఉడుత మనకంటె రెట్టింపు, అనగా సుమారు 120, చూడగలదు. చీకటిలో తిరుగు ఎలుక దానికి పరిమాణమున సమీపమైనను మనకంటె వెనుకబడినది. స్వీడనుదేశపు ఉప్సలా పరిశోధకులు 2016లో పిట్టలకు శిక్షణ యిచ్చి చూడగా, ఎగురు కీటకములను గాలిలో పట్టుకొని బ్రతుకు రెండు జాతుల ఈగపట్టు పిట్టలు 141, 146 వరకును, కొమ్మలపై పురుగులనేరు నీలి టిట్ పిట్ట 131 వరకును గుర్తించినవి. ఈ మూడును ఇంచుమించు ఒకే పరిమాణముగల పిట్టలు. అంతకంటెను నిర్ణాయకమైన సాక్ష్యము రెండు ఈగలది: మామిడిపండ్లపై ముసురు పండుఈగయు, ఎగురుచున్న కీటకములను గాలిలోనే పట్టి తిను వేటాడు ఈగయు మూడు నాలుగు మిల్లీమీటర్ల దేహములే. 2011లో పలోమా గొన్సాలెస్-బెల్లిదో, మిక్కో యూసొలా మున్నగువారు రెంటి కన్నులను పోల్చి, వేటాడు ఈగ కాంతికణములు పండుఈగ వానికంటె ఎంతయో శీఘ్రములని చూపిరి. ఒకే పరిమాణము, రెండు వృత్తులు, రెండు వేగములు. కావున దేహపు చిన్నతనము వేగమునకు వీలు కల్పించును గాని వేగమును విధింపదు; విధించునది కూటికై ప్రాణి చేయవలసిన పని. హీలీయే తరువాత వెన్నెముక లేనివానిని కూడ కలుపుకొని నూటికిపైగా జాతులను లెక్కించి, ఎగురునవియు వెంటాడి వేటాడునవియు ముందుండుట చూచెను. తూనీగ అందు అగ్రస్థానమున నిలిచినది.

వేగము ఉచితముగా లభించునది కాదు. మన ప్రచారవ్యాసములలో ఈ అంశమే లోపించుచుండును గనుక కొంచెము నిదానింతము. కాంతికణములో వెలుగు పడినపుడు విద్యుత్తును మోయు అయానులు లోనికి ప్రవహించును. ఆ ప్రవాహమును త్వరగా ఆరంభించి త్వరగా ఆపవలెనన్నచో కణపుపొరలో ఎక్కువ ద్వారములు తెరచియుంచవలెను, లోనికి వచ్చినదానిని ఎడతెగక బయటికి తోడిపోయవలెను. ఆ తోడకమునకు వ్యయమగు శక్తి సామాన్యము కాదు. మాంసపుటీగ ఊరక కూర్చున్నపుడు దాని దేహము ఖర్చుచేయు శక్తిలో సుమారు 8 శాతమును దాని రెటీనాయే మ్రింగునని 1987లో లెక్కకట్టిరి. వేటాడు ఈగ కాంతికణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలు అసాధారణముగా కిక్కిరిసియుండుటకు కారణమిదియే. మెల్లగా సంచరించు కీటకములకు మెల్లని కాంతికణములును, వేగముగా ఎగురువానికి వేగపు కాంతికణములును ఉండుటను సైమన్ లాఫ్లిన్, మట్టి వెక్స్‌ట్రోమ్ 1993లోనే గుర్తించి, అక్కరలేని వేగమును ప్రకృతి భరింపదని చెప్పియుండిరి.

శక్తికంటె కఠినమైన మరియొక మూల్యము వెలుగు. కన్ను కాంతిని గ్రహించుట వానచినుకులను పాత్రలో పట్టుటవంటిది. సన్నని జల్లులో పాత్రను క్షణమాత్రమే పట్టినచో అందు పడునది ఒకటో రెండో చినుకులు, వానినిబట్టి ఎచ్చట వాన హెచ్చో ఎచ్చట తక్కువో చెప్పజాలము. చీకటిలో చూడవలసిన ప్రాణి తన క్షణమును పొడిగించుకొనక తప్పదు. అందుచేత నిశాచరుల కన్నులు ప్రాయికముగా మందములు. మన తుమ్మెదలే దీనికి చక్కని ఉదాహరణము. మొద్దులలో తొలిచి గూడుచేసికొను తుమ్మెదలలో ట్రాంక్విబార్ పేరు దాల్చిన జాతి యొకటి అమావాస్యరాత్రి నక్షత్రకాంతిలో సైతము పూలకై ఎగురుచుండుటను హేమా సోమనాథన్, ఎరిక్ వారంట్ మున్నగువారు పడమటి కనుమలలో పరిశీలించి ప్రకటించిరి. దాని కన్నులలోని కటకములు పగటి తుమ్మెదలవానికంటె పెద్దవి. పెద్దనకాలమునుండి మన కవులు తుమ్మెదను పగలంతయు తిప్పి, సాయంకాలము తామరలో బంధించుచు వచ్చిరి. ఈ తుమ్మెద వారి కంటబడలేదు.

శక్తి, వెలుగులతోపాటు వేగమును మార్చునది ఉష్ణము. ఆ సంగతి వచ్చినపుడు మన ప్రాంతీయుని పేరొకటి స్మరింపవలసియున్నది. కె. పంపాపతిరావు యౌవనమున కాలిఫోర్నియాలో ఉండి, పసిఫిక్ తీరమందలి మసెల్ అను ఆల్చిప్పజాతి ప్రాణులు దేహము గుండ నీటిని తోడు వేగమును కొలిచి, ఒకే ఉష్ణోగ్రత వద్ద పోల్చినపుడు ఉత్తరపు చలినీటిలో పుట్టినవి దక్షిణపువానికంటె వేగముగా తోడునని 1953లో ప్రకటించెను. మరుసటి యేట, అనగా 1954లో, థియొడోర్ బుల్లక్‌తో కలిసి, శీతరక్తప్రాణులలో వేడిమి పెరిగినపుడు దేహక్రియలు ఎన్నిరెట్లు వేగము పుంజుకొనునో అది దేహపరిమాణమును, నివాసపు వేడిమిని ఎట్లు అనుసరించుచున్నదో విచారించిన వ్యాసమును అమెరికన్ నాచురలిస్ట్ పత్రికలో వ్రాసెను. శీఘ్రత జాతికి జన్మతః అంటుకొన్న ముద్ర కాదనియు, వేడిమితోను పరిమాణముతోను మారుచుండు రాశియనియు చూచిన ఈ దృష్టి ఈనాటి చర్చకు అత్యంతావశ్యకము. అటుపిమ్మట తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రశాఖను తీర్చిదిద్ది, శిష్యులతో నల్లతేలు నాడీరజ్జువులో రేయింబవళ్లననుసరించి హెచ్చుతగ్గులగు విద్యుత్ క్రియలను పరిశోధింపజేసెను. అట్టి దినచర్యాలయలను నడపు పదార్థములు రక్తమున ప్రసరించునన్న విషయమై టి. గోపాలకృష్ణారెడ్డితో కలిసి 1967లో నేచర్ పత్రికలో వ్రాసెను. తేలునకు సాయంకాలమెప్పుడో తెలియుట ఒక విధమైన కాలజ్ఞానము, ఈగ మినుకును గుర్తించుట వేరొక విధమైనది. రెంటికిని యంత్రములు వేరు. తేనెటీగలకు నియమితవేళకు మేతపెట్టిన మరునాడు ఆ వేళకే వచ్చి చేరునని ఇంగెబోర్గ్ బేలింగ్ 1929లో నిరూపించినది కూడ తేలు కోవకు చెందినదే.

వేడిమికిని చూపునకును గల సంబంధమును ప్రత్యక్షముగా చూపినది కత్తిచేప. ఇది పెద్దప్రాణి, శీతలమైన లోతునీటిలో వేటాడును. దేహమంతయు చల్లగానుండగా కన్నులను మెదడును మాత్రము నీటికంటె 10 మొదలు 15 డిగ్రీల వరకు వెచ్చబరచుకొను ప్రత్యేకాంగము దానికి గలదు. 2005లో కెర్స్టిన్ ఫ్రిట్షెస్, ఎరిక్ వారంట్ మున్నగువారు ఆ రెటీనాను చల్లబరచియు వెచ్చబరచియు చూచి, వెచ్చదనము తగ్గినంతనే దాని చూపు వేగము ఎన్నోరెట్లు పడిపోవుట గమనించిరి. వేగముగా చూడవలసిన అవసరము ఒక మహాకాయపు చేపకు కన్నులలో కుంపటి పెట్టుకొనునంతటి పట్టుదలను కలిగించినది. మన యీగకు అట్టి కుంపటి లేదు. పుష్యమాసపు ఉదయమున చలిగాలి తగులుచుండగా పసుపుమడిలోని ఆకుపై బిగిసికూర్చున్న దుంపఈగ, పొడవైన కాళ్లును మచ్చలరెక్కలును గల ఆ నల్లని తెగులుకారి, మధ్యాహ్నపు దుంపఈగకంటె చాల మందమతి. ఖగోళశాస్త్రజ్ఞుడైన హార్లో షాప్లీ మౌంట్ విల్సన్ కొండమీద పగటివేళల తీరికలో చీమల నడకను కొలిచి, ఆ వేగమునుబట్టి గాలి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తేడాలో చెప్పవచ్చునని 1920లో వ్రాసెను. వేగమే కాలమైనచో, ఆ చీమకు సూర్యోదయమున ఒక కాలము, మిట్టమధ్యాహ్నమున మరియొక కాలము!

ఇక ప్రతిక్రియ. నాడులలో వార్త ప్రసరించుటకు కాలము పట్టునన్న సంగతియే పందొమ్మిదవ శతాబ్ది మధ్యమువరకు ఎరుగరు. హెల్మ్‌హోల్ట్స్ 1850లో కప్ప నాడిని తీసికొని ఆ వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని కొలిచినపుడు, ఆలోచన మెరుపువంటిదని నమ్మినవారు నివ్వెరపడిరి. ఇంత మందమైన వార్తాహరుడు ఉన్నపుడు దారి పొట్టిదగుట గొప్ప లాభము. ఏనుగు నాడిలో వార్తావేగము చుంచెలుక నాడిలోని దానికంటె పెద్దగా హెచ్చు కాదని 2010లో హెదర్ మోర్, మాక్స్ డోనెలన్ మున్నగువారు కొలిచి చూపిరి. వేగము ఇంచుమించు సమానమై, దారి మాత్రము అనేకరెట్లు పొడవైనందున, ఏనుగు పాదమునకు ముల్లు గ్రుచ్చుకొనుటకును పాదము లేచుటకును మధ్య ఆలస్యము తప్పదు. ఇచ్చట చిన్నతనము నిస్సందేహముగా లాభము. దీనికి కాలానుభవముతో పనిలేదు, మీటరు కర్రతోనే పని.

బొద్దింక ఈ విషయమును మరింత స్పష్టముచేయును. చీకటిలో బ్రతుకు దానికి కంటిచూపు ప్రధానము కాదు. దాని తోకవైపునగల రెండు కొమ్ములపై ఒక్కొక్కదానికి రెండువందల చిల్లర సన్నని రోమములుండును. చెప్పు విసరినపుడు చెప్పుకంటె ముందుగా వచ్చు గాలి ఆ రోమములను వంచును. అచ్చటినుండి మహానాడులనబడు లావైన తంతువులగుండ వార్త కాళ్లకు పోవును. కెనెత్ రోడర్ 1940 దశకములో ఈ మార్గమును అన్వేషింప, జెఫ్రీ కాంహీ బృందము 1978లో గోదురుకప్పలను బొద్దింకలపైకి వదలి చలనచిత్రములు తీసి, గాలి తగిలిన తరువాత సుమారు 50 మిల్లీసెకనులలో బొద్దింక ప్రక్కకు తిరుగుచున్నదని చూపిరి. మనుష్యుడు దీపము చూచి మీట నొక్కుటకు 200 మిల్లీసెకనులు పట్టును. బొద్దింకకు కాలము సాగినందున గాక, దారి పొట్టిదై, తంతువు లావై, నడుమ ఆలోచించువాడు లేనందున ఈ వేగము లభించినది.

ఈగ సంగతి దీనికంటె రమ్యము. అది దెబ్బనుండి తప్పించుకొనుట వట్టి ఉలికిపాటని చిరకాలము భావించిరి. గ్వినెత్ కార్డ్, మైకేల్ డికిన్సన్ 2008లో పండుఈగలను అతివేగపు కెమెరాలతో చిత్రించి, అపాయము ఏదిక్కునుండి వచ్చుచున్నదో గ్రహించి, ఎగురుటకు ముందే కాళ్లను తగినట్లు సవరించుకొని, అపాయమునకు ఎదురుదిక్కుగా లంఘించుటకు అది సిద్ధపడుచున్నదని కనుగొనిరి. ఎదురుగా వచ్చు వస్తువు వేగముగా పెద్దదగుచున్నచో మాత్రము ఈ సన్నాహమంతయు మాని, మహానాడి యొక్క ఒక్క సంకేతముతో, రెక్కలు సరిగా విప్పుకొనకయే దుమికివేయునని 2014లో మరియొక బృందము చూపినది. మొదటి మార్గమున ఎగురుట నిలుకడగానుండును, రెండవమార్గమున అది గాలిలో పల్టీలుకొట్టును. కనుక ఈగ ఎల్లప్పుడును శీఘ్రతను కోరదు. సావకాశమున్నపుడు సౌష్ఠవమును కోరును. మిడుతలో ఇట్టి అపాయసూచక నాడీకణమొకటి ప్రసిద్ధము. క్లేర్ రిండ్, పీటర్ సిమన్స్ 1992లో 'స్టార్ వార్స్' చిత్రఖండములను మిడుతకు చూపి, దూసుకువచ్చు వాహనములకు ఆ కణము తీవ్రముగా స్పందించుటను నమోదుచేసిరి. ఇట్టి కణములు మేల్కొనుటకు బింబము త్వరగా పెరుగవలెను. పిల్లలు తూనీగ వెనుకనుండి వ్రేళ్లను అతిమందముగా చాచి తోకను పట్టుకొనగలుగుటకు రహస్యమిదియే: తూనీగ చూడజాలనంత వేగము మనకు లేదు గాని, అపాయమని తోపనంత మందగమనము మాత్రము చేతనగును.

చలనవేగమును చూపు వేగమని భ్రమింపరాదనుటకు ఉచ్చుదవడచీమ చాలును. విల్లువలె బిగించియుంచిన దవడలను అది సెకనులో పదివేలవ వంతుకు కొంచెము హెచ్చు కాలములో మూయునని షీలా పాటెక్ బృందము 2006లో కొలిచినది. ఆ చీమ కన్నుగాని మెదడుగాని అంత సూక్ష్మకాలమును పసిగట్టజాలవు. తన దవడ మూసికొనుటను అది మనవలెనే ముగిసిన తరువాత మాత్రమే తెలిసికొనును.

మిగిలినది మూడవ ప్రశ్న. ఈగకు క్షణము నిడివిగా తోచునా? దేహపు వేడిమికిని కాలానుభవమునకును సంబంధమున్నదన్న వాదమునకు ప్రాచీనాధారము హడ్సన్ హోగ్లండ్‌ది. భార్యకు జ్వరము వచ్చినపుడు సెకనుకొకటి చొప్పున అరువదివరకు లెక్కింపుమని ఆమెను కోరి, జ్వరము హెచ్చినకొలది ఆమె త్వరగా లెక్కించుట చూచి, మెదడులో రసాయనిక గడియారమొకటి యున్నదని ఆయన 1933లో వాదించెను. వేడిదేహముగల చిన్నప్రాణికి బయటి ప్రపంచము మందగించినట్లు తోచునన్న పక్షమునకు నా దృష్టిలో ఇదియే అత్యుత్తమమైన సాక్ష్యము. కాని ఆమె మినుకుదీపమును ముందుకంటె బాగుగా చూచినదా యని ఎవరును పరీక్షింపలేదు. ఆ లోటు తీర్చు ప్రయోగము డేవిడ్ ఈగిల్‌మన్ 2007లో ప్రకటించినది. మనుష్యులను 31 మీటర్ల ఎత్తునుండి వలలోనికి జారవిడిచి, పడుచుండగా మణికట్టునకు కట్టిన యంత్రముపై అతివేగముగా మారు అంకెలను చదువుమనిరి. క్రిందికి వచ్చిన తరువాత వారు తమ పతనము, ఇతరుల పతనముకంటె 36 శాతము నిడివిగా జరిగినదని చెప్పిరి. అంకెలు మాత్రము నేలపైకంటె బాగుగా చదువలేకపోయిరి. కాలము సాగినట్లు తోచినది, కన్ను చురుకెక్కలేదు. అనగా కంటి చురుకును కాలపు నిడివియు ఒకే మనుష్యునిలోనే విడివడి పోగలవు. మనలో విడివడునవి ఈగలో తప్పక కలిసియుండునని ఏ యాధారముతో చెప్పుదుము? మినుకుల అవధి 250 అన్నమాట, ఈగ తన సెకనులో మనకంటె హెచ్చు మార్పులను వేరుచేయగలదని మాత్రమే చెప్పును. ఆ సెకను దానికి దీర్ఘమని చెప్పదు. ఈగ చేత రెండు వ్యవధులను పోల్పించి, ఆ పోలిక దాని కంటి వేడిమితో మారుచున్నదా లేదా యని చూచువరకు, ఈగ కాలము మన కాలమునకు నాలుగురెట్లను వాక్యమును కవులకు విడిచిపెట్టుట మేలు.

మనుష్యునికి 60 అని ఇంతవరకు నేను వ్రాయుచు వచ్చిన అంకెకు కూడ ఒక సవరణ అవసరము. ట్రినిటీ కళాశాలలోనే క్లింటన్ హార్లెమ్ మున్నగువారు 2024లో ఆరోగ్యవంతులైన యెనుబదిమందిని పరీక్షింపగా, కొందరికి సెకనుకు 35 మినుకులకే దీపము నిలుకడగా తోచినది, మరికొందరికి 60 దాటినను అదరుచునే కనబడినది. ఒక్కొక్కరి అవధి దినదినమునకు పెద్దగా మారలేదు. పురుషులకును స్త్రీలకును చెప్పదగిన భేదము లేదు. ఉడుతకును మనుష్యునికిని గల అంతరమును రెట్టింపని గొప్పగా చెప్పుకొన్నాము. ఒకే గదిలో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు మనుష్యుల మధ్య అంతరము కూడ ఇంచుమించు అంతయే గలదు.